పెరుమాళ్లెక్కిన రేసు కారు

ఊరేగింపు మొదలయ్యే ముందే మా బావమరిది యదునందన్ పందెం కట్టాడు.

"బావా, నా కారు నాలుగు వీధులూ తిరిగొస్తే నీ కమాండర్ జీపును పాత ఇనుము కింద పంపించేయాల. సరేనా?"

"ఆగిపోతే?"

"నీ జీపును నేనే బాగు చేయించి ఇస్తా."

పూతలపట్టు పక్కనున్న మా ఊళ్లో పెరుమాళ్ల ఉత్సవానికి ఏటా నా కమాండరే వాహనం. నా భార్య కుముదవల్లీ నేనూ కలిసి కొన్నాం. ఆకుపచ్చ రంగు ఆమె ఎంపిక. ఆమె పోయి ఏడాది దాటింది. ఇద్దరం కలిసి కొన్నవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. అదీ ఇప్పుడు నేనుండే తిరుపతి నుంచి ఇక్కడికి రావడానికే దగ్గుతోంది. "పెరుమాళ్లకు సాంబ్రాణి నీ బండే వేస్తాది" అని యదు ఎగతాళి.

అతనిది మద్రాసు పక్కన షోళవరంలో కార్ల పందేలు జరిగిన కాలం నాటి రేసు కారు. ఎర్రగా, నేలకు జానెడెత్తున, ఒకే సీటుతో ఉంటుంది. పొడవాటి బానెట్ మీద పలక బిగించి ఉత్సవమూర్తిని వేంచేపు చేశారు. నా జీపులో స్వామి పందిరంత ఎత్తున కూర్చునేవాడు. ఇక్కడ పిల్లలకు కూడా కళ్లెదురుగా ఉన్నాడు. అది నాకు నచ్చింది. పైకి చెప్పలేదు.

ఆళ్వార్ల పాసురాల ప్రబంధం చదివే గోష్ఠి ముందు నడుస్తుంది. అందరూ వయసు మళ్లినవాళ్లు. వాళ్ల అడుగును బట్టి బండి నడవాలి. కమాండర్‌ను మొదటి గేరులో వదిలేస్తే ఎద్దులా దానంతటదే నడిచేది. రేసు కారుకు ఆ నడక రాదు. గుర్రుమని దూకుతుంది, ఆగుతుంది, మళ్లీ దూకుతుంది.

"యదూ, మమ్మల్ని తరమతా ఉండావా అప్పా?" అన్నాడు గోష్ఠిలో పెద్దవాడైన రంగాచార్యులు.

రెండో వీధి మలుపులో అర్చకుడు ఋత్విక్ చెయ్యెత్తాడు. ఇంజను వేడికి స్వామి పాదాల దగ్గర మల్లెలు కమిలిపోయాయి.

"ఆపన్నా. స్వామికి కింద నుంచి సెగ తగలతా ఉండాది."

"ఇంక రెండు వీధులే గదా."

"ఆ రెండు వీధులూ నువ్వు కూసుంటావా బానెట్ మీద?"

యదు ఇంజను ఆపేశాడు. ఋత్విక్ తడిగుడ్డతో పలక తుడిచి, స్వామికి విసనకర్రతో విసిరాడు. పందెం నేను గెలిచాను. గుడి దగ్గరున్న జీపు తేవడానికి కదలబోయాను. ఇంతలో ఎవరో వెనక నుంచి కారు మీద చెయ్యి వేసి తోశారు. కారు చప్పుడు లేకుండా కదిలింది. యదు స్టీరింగు పట్టుకున్నాడు, నేనూ వెనక చేరి తోశాను.

అప్పుడు పాసురం వినిపించింది. ఒక్కొక్క మాటా, మధ్యలో రంగాచార్యులు ఊపిరి తీసుకోవడం కూడా. వెనక నడుస్తున్న ఆడవాళ్లు మాటలాపేశారు.

యదు భార్య రంగప్రియ నా పక్కకొచ్చింది. "అన్నా, వదిన ఏటా నన్ను అడిగేది, ఇప్పుడు ఏ పాసురమని. ఆ డీజిలు రొదలో నాకు మాత్రం యాడ వినపడతాది?"

"నాతో ఒక్కసారీ అనలేదే."

"మీరు స్టీరింగు కాడ అంత సంతోషంగా ఉంటిరి. సెప్పొద్దనింది."

ఇన్నేళ్లూ నా బండి వెనకే నడిచిన మనిషి. అందరూ తలలు వంచి తోస్తున్నారు కాబట్టి నా ముఖం ఎవరూ చూడలేదు. అంతవరకు నయం.

గుడి ముందు యదు కారు దిగాడు. "ఓడిపోయినా బావా. రేపే మెకానిక్‌కు సెప్తా."

"వచ్చే ఏడూ ఇట్లే తోసుకుందాం," అన్నాడు రంగాచార్యులు. "గొంతు చించుకునే పని లేదు."

నేను జీపు తాళం యదు చేతిలో పెట్టాను. "మెకానిక్ వద్దప్పా. పాత ఇనుము కిందే పంపించేయ్."

"గెలిచింది నువ్వు గదా. పోనీ, ఒకసారి దాన్ని చూసి రా, ఆ పైన సెప్పు."

నేను వెళ్లలేదు. చూస్తే మనసు మారుతుందని నాకు తెలుసు.