బండికి ఉన్న దారి

“ఎట్లాగూ కూసొనే ఉంటవ్ గదా, గివి గూడ వొలువ్” అంటూ మా అత్తమ్మ అమృతమ్మ ఇంకో చేటెడు ఎల్లిగడ్డలు నా ముందు గుమ్మరించింది.

మామిడికాయ తొక్కు పెట్టే రోజులొస్తే మా ఇంటి వెల్లుల్లే కాదు, ఆడబిడ్డ శోభ ఇంటిదీ నా ఒళ్లోకే వస్తుంది. ఈ ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా నాదే. చింతపండులో గింజలు తీయాలి, బియ్యంలో రాళ్లేరాలి, ఊడిన గుండీలు కుట్టాలి, శోభ పిల్లలు వస్తే వాళ్ల చేత ఎక్కాలు చెప్పించాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి కనుక, నిలబడనిదానికి అలుపెక్కడిది అని వీళ్ల లెక్క. కూర్చున్న మనిషికీ నడుం ఉంటుందని ఎవరికీ తట్టదు. గోళ్ల సందుల్లో మంట పుడుతుంటే నేను పైన పోయే విమానాల కోసం ఎదురుచూస్తూ ఉంటాను. విమానాశ్రయం పక్కనే ఉన్న మా తొండుపల్లిలో ఇంటి మీదుగా విమానం దిగుతున్నంతసేపూ మాటలు ఆగిపోతాయి. మాట్లాడేవాళ్లు నోరు తెరిచి అలాగే ఉంటారు. ఆ కాసేపు నాకెవరూ పని చెప్పలేరు. ఆ హోరులో కళ్లు మూసుకుంటే ఇల్లు నేలను వదిలి కొద్దిగా పైకి తేలినట్టుంటుంది, దానితోపాటు నేనూ, నా ఒళ్లోని పొట్టూ.

తేలిన ఇల్లు మళ్లీ నేల మీద ఆనగానే మెట్లు గుర్తొస్తాయి. ఈ ఇల్లు కట్టేటప్పుడు వాన నీళ్లు లోపలికి రాకూడదని పునాది ఎత్తు లేపి, ముందు ఐదు మెట్లు పెట్టారు. పని మొదలైన రోజే నేను మా ఆయన రవీందర్‌తో అన్నాను, మెట్ల పక్కన నా చక్రాల కుర్చీ దిగేంత వెడల్పు ర్యాంపు కట్టిద్దామని. “నేను లేనా ఎత్తుకునేటందుకు?” అన్నాడాయన. “వాకిలంత జారుడుబండ జేస్తే ముగ్గేడ ఎయ్యాలె?” అంది అత్తమ్మ. వాస్తు చూసే ఆయన వచ్చి, అది ఈశాన్యం, అక్కడ బరువు పెట్టకూడదన్నాడు. సరే అనుకున్నాను. గృహప్రవేశం నాడు చూస్తే, మెట్లను ఆనుకుని అదే ఈశాన్యంలో జానెడు వెడల్పున సిమెంటు వాలు ఉంది. రవీందర్ మోటార్‌సైకిల్ రాత్రిళ్లు లోపలికి ఎక్కడానికట. “బయట పెడితే దొంగలు ఎత్కపోతరు” అన్నాడు. ఆ లెక్కన నాకు దారి లేకపోవడం న్యాయమే. నన్నెవరు దొంగిలిస్తారు?

కాబట్టి నేను వీధి చూడాలంటే ఆయన నన్ను ఎత్తుకోవాలి. పెళ్లయిన కొత్తలో నాకది ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు? ఆయన మెడ దగ్గర కొబ్బరినూనె వాసన, జేబులో పెన్ను నా చెంపకు గుచ్చుకోవడం, ఎవరి పెళ్లికైనా పోతే పందిట్లోకి అలా ఎత్తుకుని తెస్తుంటే జనం పక్కకు తప్పుకోవడం, అన్నీ బాగుండేవి. ఎదురింటి సక్కుబాయి ఇప్పటికీ ప్రతిసారీ గడపలోకి వచ్చి నిలబడి చూస్తుంది. “దేవుని అసొంటి మొగడు. పెట్టి పుట్టినవ్ సుమలతా” అంటుంది. ఆ మాటకు ఆయన ఛాతీ నా చెంప కింద పొంగడం నాకు తెలుస్తుంది. అప్పుడు నేను నవ్వాలి. నవ్వకపోతే పొగరంటారు.

ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. మాకు మాటా మాటా పెరిగిన రోజు మాత్రం నన్ను ఎత్తుకోడు, అంతే. “జర ఆగు” అని అరుగు మీద ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. ఒకసారి కొత్వాల్‌గూడలో మా తమ్ముడి కూతురి పుట్టినరోజు. పొద్దున ఏదో అన్నాను, ఏమన్నానో కూడా ఇప్పుడు గుర్తులేదు. పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, గుమ్మంలో కుర్చీలో ఉన్నాను. ఆయన ఫోను చూస్తూనే ఉన్నాడు. పొద్దు వాలాక పూలు తీసి పక్కన పెట్టి కందిపప్పు ఏరుకున్నాను. మర్నాడు ఏమీ జరగనట్టు, “ఏడికన్న పోదామా?” అన్నాడు. ఆనాటి నుంచి నాకు కోపం వస్తే గొంతులోనే ఉంచుకోవడం అలవాటైంది. ఎత్తుకునేవాడితో పోట్లాడితే ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే ఉండిపోతాను. లోకం మెచ్చే ఆ చేతులంటే నాకు భయం. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

తిరుపతికి విమానంలో పోవాలన్నది అత్తమ్మ పట్టు. “నేను జొన్నలు కోసిన చెల్కల మీదికెల్లే గీ విమానాలు లేస్తయి. ఒక్కపారన్న ఎక్కకుంట సస్తనా?” అని ఏడాదిగా అంటోంది. బయల్దేరే ముందు సగం ఒలిచిన వెల్లుల్లి బుట్ట మీద గుడ్డ కప్పి, “పోయొచ్చినంక వొలుద్దువు గాని” అంది.

విమానాశ్రయంలో కారు దిగిన చోట గట్టు లేదు. రోడ్డూ నేలా ఎక్కడ కలిశాయో తెలియకుండా కలిసిపోయాయి. రవీందర్ రెండు చేతులా బ్యాగులు ఉన్నాయి. నేనే చక్రాలు తోసుకున్నాను. ఒక్క తోపుకు కుర్చీ పోయిన దూరానికి నాకు భయమేసింది. ఇంకోసారి తోశాను. అద్దాల తలుపులు నేను చెయ్యి చాపకముందే విచ్చుకున్నాయి. లోపల వెలుతురు పైనుంచీ, కిందనుంచీ కూడా వస్తున్నట్టుంది. నా నీడ ఆ నున్నటి నేల మీద నాతోపాటే జారుతూ వచ్చింది. “ఏయ్ సుమా, జర నిమ్మళం” అని వెనక నుంచి ఆయన గొంతు, పోనుపోనూ చిన్నదవుతూ వినిపించింది. ముప్పై అయిదేళ్లలో నేను ఒక మనిషిని వెనక వదిలి ముందుకు పోవడం అదే మొదలు. ఎక్కడికి పోతున్నానో నాకే తెలియదు. ఊరికే పోయాను.

యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. ఛాతీ మీది బిళ్ల మీద సింధూర అని ఉంది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె కళ్లూ నా కళ్లూ ఒక ఎత్తుకు వచ్చాయి.

“నమస్తే మేడం. మీకు ఎలా సాయం చేస్తే సౌకర్యంగా ఉంటుందో చెప్పండి.”

నేను వెనక్కి తిరిగి చూశాను. ఇలాంటి ప్రశ్నలు ఎప్పుడూ నా తల మీదుగా పోయి రవీందర్ దగ్గర ఆగుతాయి. బట్టల దుకాణంలో, “అక్కకు ఏ రంగు సూపెట్టాలె అన్నా?” అని ఆయన్నే అడుగుతారు. దవాఖానలో డాక్టరు కూడా ఆయన వైపే చూసి, ఈమెకు నొప్పి ఎప్పటి నుంచి అంటాడు. నా నొప్పి సంగతి ఆయన చెబుతాడు, నేను తలూపుతాను.

“నేనెత్తుకుంట మేడం, నాకు అలవాటే” అన్నాడు రవీందర్, అప్పటికి మమ్మల్ని అందుకుని.

“అలాగే సార్. కానీ మేడంగారు చెప్పాలి కదా” అంది ఆ అమ్మాయి నవ్వుతూనే. “ఇప్పుడు మాకు ట్రైనింగ్‌లో మొట్టమొదట నేర్పేది ఇదేనండి. పక్కవాళ్లని కాదు, ఆ మనిషినే అడగమంటారు.”

“తెల్వదు” అన్నాను. నిజంగానే తెలియదు. నన్ను ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో, అసలు పట్టుకోవాలో వద్దో నేనెప్పుడూ అనుకోలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆమె నాకు బాత్రూం చూపించి బయట ఆగింది. వెడల్పాటి తలుపు, గోడలకు పట్టుకునే కడ్డీలు, నా చేతికందే గడియ. నేనే లోపలికి పోయాను, నేనే గడియ పెట్టుకున్నాను. ఇంట్లో మా బాత్రూం తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉంటుందే కానీ, గడియ పడదు. పడిపోతే ఎట్లా అని అత్తమ్మ దాన్ని ఊడదీయించింది. పని అయిపోయాక కూడా నేను అక్కడ కాసేపు ఊరికే కూర్చున్నాను. బయట ఏవో ప్రకటనలు నీళ్ల అడుగున వినిపించినట్టు వినిపిస్తున్నాయి. ఎవరూ తలుపు తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడిచాను, మొహం కడుక్కుని బయటికొచ్చాను.

గది లాంటి బండి ఒకటి మమ్మల్ని ఎక్కించుకుని, లిఫ్టులా పైకి లేచి విమానం తలుపుకు ఆనుకుంది. అక్కడ దాకా నేను నా కుర్చీలోనే ఉన్నాను. తెల్వదు అన్నాను కాబట్టి అక్కడి నుంచి రవీందరే ఎత్తుకున్నాడు. లోపల సందు ఇరుకు. నా పాదాలు సీట్లకు తగులుతూ పోయాయి. ఒకావిడ ఫోను పైకెత్తి వీడియో తీస్తూ, “ఎంత అదృష్టవంతురాలివమ్మా!” అంది. నా చీర మోకాళ్ల దాకా లేచి ఉంది. దాన్ని కిందికి లాక్కుందామంటే నా చేతులు ఆయన మెడ చుట్టూ ఉన్నాయి. అప్పుడు కూడా నవ్వాను.

దర్శనమయ్యాక కొండ మీద గదిలో మధ్యాహ్నం కునుకు పట్టింది. ఆ కునుకులో విమానాశ్రయపు నేల తొండుపల్లి దాకా వచ్చింది. నెమ్మదిగా, పాలు పొంగి పారినట్టు మా సందులోకి మలుపు తిరిగింది. మా మెట్లు వేడి నీళ్లలో బెల్లంలా ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఇల్లు ముందుకు ఒరిగింది, వెల్లుల్లి రెబ్బలన్నీ వాకిట్లోంచి దొర్లుకుంటూ పోతున్నాయి, వాటి వెనక నేను. కొత్వాల్‌గూడ దాటి హిమాయత్‌సాగర్ నీళ్ల అంచుకు వచ్చాను. చచ్చిపోయిన మా బాపు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నాకు ఎదురు రాకుండా, చెయ్యి చాపకుండా చూస్తున్నాడు. “ఎట్ల రావాల్నో నీకెర్కే గద బిడ్డా” అన్నాడు. మెలకువ వచ్చేసరికి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు నా నోట్లో ఉంది.

తిరుగు ప్రయాణంలో మా ఊరి విమానాశ్రయంలో విమానం ఆగాక అందరూ దిగేదాకా కూర్చున్నాం. వేరే అమ్మాయి వచ్చింది, సందులో పట్టే సన్నటి కుర్చీ తెచ్చింది. అదే ప్రశ్న అడిగింది. రవీందర్ లేచి చేతులు చాపాడు.

“నన్ను ఎత్తొద్దు” అన్నాను ఆ అమ్మాయితో. “కుర్చీ నా సీటుకు ఆనించి, కదలకుండ పట్టుకోండ్రి. నేనే జరుగుత. చంకల కింద చేతులు పెట్టొద్దు, నాకు నొప్పి.”

“అలాగే మేడం” అందామె. అంతే. భూమి బద్దలు కాలేదు. నేను అరచేతుల మీద లేచి, జరిగి కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. రవీందర్ చేతులు గాల్లో ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే ఉండి, పైనుంచి బ్యాగు తీశాయి. “చంకల కింద నొప్పా? నాకెన్నడు చెప్పకపోతివి” అన్నాడు తర్వాత, బయటికి పోతుంటే. “నువ్వెన్నడు అడగకపోతివి” అన్నాను. కారులో ఇల్లు చేరేదాకా ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రమైంది. మా సందులో కారు ఆగగానే సక్కుబాయి గడపలోకి వచ్చింది. డ్రైవరును కుర్చీ పట్టుకోమని చెప్పి నేనే అందులోకి జరిగాను. అత్తమ్మ ప్రసాదం సంచితో మెట్లెక్కింది. రవీందర్ బ్యాగులు లోపల పెట్టి, కిందికి వచ్చి, ఎప్పటిలా వంగి చేతులు చాపాడు.

“దా.”

“వద్దు.”

“ఏంది వద్దు? ఇంట్లకు రావా?”

“వస్త. ర్యాంపు కట్టినంక వస్త.”

ఆయన ఎదురింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “గిదేందే సుమా, నలుగుట్ల. నేనుండంగ నీకు ర్యాంపెందుకు?”

“నువ్వు నాకు మొగనివి. మెట్లకాడ లిఫ్టువు గాదు” అన్నాను. “బండి కోసం కట్టినవ్ గద, గట్లనే నాకు గూడ కట్టు. జానెడు కాదు, నా కుర్చీ పట్టేంత.”

“రేపు పొద్దుగాల మేస్త్రీని పిలుస్త. ఇప్పుడైతే రా.”

ఆ రేపు నాకు తెలుసు. లోపలికి పోయాక అది ఉండదు. ఆయన చేతులు నా ముందు ఇంకా చాచే ఉన్నాయి, కొబ్బరినూనె వాసన వస్తూనే ఉంది. పాపం అనిపించింది. అలసిపోయి ఉన్నాను, నడుం లాగుతోంది, తల వాల్చేస్తే చాలు, రెండు నిమిషాల్లో నా మంచం మీద ఉంటాను. నేను చక్రాలకు బ్రేకులు వేసుకున్నాను.

ఇంటి మీదుగా విమానం ఒకటి దిగుతూ పోయింది. అందరి మాటలూ ఆగిపోయాయి. ఆయనా, గుమ్మంలో అత్తమ్మా, గడపలో సక్కుబాయీ నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయారు. ఈసారి ఇల్లు తేలలేదు. నేను కూడా తేలలేదు, నేల మీదే ఉన్నాను.

హోరు తగ్గగానే అత్తమ్మ మెట్ల మీంచి అరిచింది. “పొద్దుమీకవట్టె! సందుల జనమంత సూస్తుండ్రు. గీ వాకిట్ల ఎంతసేపు కూసుంటవే?”

“పరేషాన్ గాకు అత్తమ్మా” అన్నాను. “ఎల్లిగడ్డల బుట్ట ఇటు తెచ్చియ్యి. నేను ఎట్లాగూ కూసొనే ఉంట గదా.”