అమ్మవారు పోసిన ఇంట సూది

నేను ఒక గాజు సిరంజిని. కొలిమి దగ్గర పుట్టి, పిల్లల వార్డులో పెరిగాను. రోజూ పొద్దున్నే స్టీలు డబ్బాలో నన్ను ఉడకబెట్టేవారు. మొదట్లో కాలేది. తరవాత తరవాత ఏమీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో చక్కెర జబ్బు పిల్లలను నెలల తరబడి వార్డులోనే ఉంచేవారు. మూత్రంలో నీలం మందు కలిపి దీపం మీద కాచేవారు. చక్కెర ఎక్కువై అది ఇటుక రంగుకు తిరిగితే నాకు పని పడేది. తల్లులు గేటు బయట కూర్చునేవారు. కన్నవాళ్లకు తప్ప అందరికీ బిడ్డ జబ్బు గురించి తెలుసు. మనుషుల ఏర్పాట్లు అలా ఉంటాయి.

ఆ పిల్లల్లో ఒకతె నీలవేణి. ఆమెను ఇంటికి పంపే రోజున వార్డు నర్సు ఎస్తేరు సిస్టరు నన్ను పిల్ల తల్లి గవరమ్మ చేతిలో పెట్టింది. "రెండు పూటలా ఇన్సులిన్ పొడువు. మానకు," అంది. మానితే పిల్ల బతకదన్న మాట వార్డులో అందరికీ తెలుసు. ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

గవరమ్మ చేపలమ్మేది. చెయ్యి వణికేది కాదు.

"నీ సేతులు సేపలోసనే అమ్మా!"

"ఓసనైతే ముక్కు మూసుకో. కాలు కదిపేవంటే సూది ఇరిగిపోద్ది."

ఎండాకాలంలో పిల్లకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. అమ్మవారు పోసింది. గవరమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, కూరలో పోపు మానేసింది. నన్ను కడిగి, గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది.

"తల్లి ఒంటిమీదుండగా ఇనుము తగలకూడదే."

నీలవేణి చప్పట్లు కొట్టింది. "అమ్మోరు ఇలగే ఉండిపోతే బాగున్ను!"

తరవాత పిల్ల కుండలో నీళ్లన్నీ తాగింది. వాంతులు చేసుకుంది. రొప్పుతూ, రొప్పుతూ మాట మానేసింది. ఊపిరి మాగిన పండు వాసన వేసింది. అది అమ్మవారి మహిమ అనుకున్నారు. చివరకు గవరమ్మ పిల్లను భుజాన వేసుకుని, నన్ను కొంగున కట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

"ఇప్పుడు పొడవండి సిస్టరమ్మా. అమ్మోరు దిగిపోనాది."

ఎస్తేరు సిస్టరు పిల్ల చెయ్యి పట్టుకు నాడి చూసింది. నన్ను అందుకోలేదు.

నాకేమీ అనిపించలేదు. గాజును కదా.

ఇప్పుడు నేను అదే వార్డులో అద్దాల బీరువాలో ఉన్నాను. ఇన్సులిన్ సూది పెన్నులాంటి గొట్టంలోకి వచ్చింది. వేలి మీద రక్తపు చుక్క తీస్తే చిన్న మిషను చక్కెర ఎంతుందో చెబుతోంది. తల్లులు లోపలే, మంచం పక్కనే ఉంటున్నారు. ఎస్తేరు సిస్టరు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. నీలవేణి పోయాక ఆమె మొదలుపెట్టిన పాఠం మాత్రం సాగుతోంది. పెన్ను చేతికివ్వకముందే కొత్త సిస్టరు ఒక ప్రశ్న అడుగుతుంది. ఎందుకు అడుగుతారో ఆమెకూ తెలియదు.

"అమ్మవారు పోస్తే ఏం చేస్తావు?"

నిన్న వచ్చిన తల్లి మంచం మీది బిడ్డకు దుప్పటి సర్దింది.

"ఏపాకు కడతాను. పోపెయ్యను."

"మరి సూది?"

"తల్లికి దండమెట్టి... ఏసేత్తాను."

"మళ్లీ చెప్పు."

"ఏసేత్తానమ్మా."

సిస్టరు పెన్ను ఆమె చేతిలో పెట్టింది.