మొద్దుల పరీక్ష

ఆగస్టులో రింకులో ఐస్ పట్టే ముందే ఐస్ హాకీ ఆటగాళ్లందరికీ తల పరీక్ష జరుగుతుంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తారు, మాటలు చెబుతారు, కాసేపయ్యాక వాటినే మళ్లీ అడుగుతారు. సీజన్ మధ్యలో ఎవడి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తారు. తగ్గాయా, ఇంట్లో కూర్చోవాల్సిందే. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఆగస్టులోనే మొద్దులైపోవడం. కావాలని తప్పులు చేసి మార్కులు తక్కువ తెచ్చుకుంటే, తర్వాత తల దిమ్మెక్కినా ఆ కాసిని మార్కులూ వచ్చేస్తాయి. ఇంత తెలివి గోలు ముందు చూపించి ఉంటే జట్టు అట్టడుగున ఎందుకుండేది?

కాస్పర్ ఎల్మర్ ఈ విద్యలో ఆరితేరినవాడు. ఎడమ వైపు ఫార్వర్డ్, మొదటి నుంచీ ఒకటే జట్టు, ముందు పళ్లలో సగం తనవి కావు. ఏటా అతను పరీక్ష గదిలోంచి రాగానే డిఫెండర్ యోస్ట్ గుమ్మంలోనే పట్టుకునేవాడు.

"ఏం బావా, ఈసారి ఎంత మొద్దువి?"

"మా నాన్న పెంచే మేకకన్నా ఒక మెట్టు పైన."

"అయితే నాకన్నా తెలివైనవాడివే పో!"

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆటలో, పక్కకు తిరిగి పాస్ అందుకుంటున్న కాస్పర్‌ను ఎదుటివాడొకడు భుజంతో రింకు గోడకేసి కొట్టాడు. కాస్పర్ లేచాడు. లేచి తన బెంచీ అనుకుని ఎదుటి జట్టు బెంచీ వైపు వెళ్లాడు. జనం గొల్లున నవ్వారు. వాళ్ల మధ్యలో నిలబడి ఉన్న అతని భార్య రెగూలా మాత్రం నవ్వలేదు.

జట్టు పై లీగులో నిలుస్తుందా, కిందికి జారుతుందా తేల్చే ఆటలు వచ్చే శుక్రవారమే మొదలు. కాస్పర్ లేకపోతే గోలు కొట్టే దిక్కు లేదు. పైగా అతనికి ముప్పై నాలుగు నిండాయి, ఈ ఆటలు తప్పిపోతే మళ్లీ పిలిచేవాళ్లెవరూ ఉండరు. అందుకే బుధవారం పొద్దున జట్టు డాక్టర్ హెఫ్టి గదిలో మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు అతను నటించలేదు. ఒక్క తప్పూ పోకూడదని పళ్లు బిగించి, వీపు చెమటతో తడిసేదాకా కష్టపడి చేశాడు.

హెఫ్టి తెర చూసి నవ్వాడు. "భేష్! అచ్చం ఆగస్టులో వచ్చినన్నే వచ్చాయి. శుక్రవారం దర్జాగా ఆడు."

కాస్పర్ పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. ఉన్న శక్తంతా ధారపోస్తే వచ్చినవి మొద్దు మార్కులు. నోరు మూసుకుని వెళ్లిపోతే శుక్రవారం ఆడవచ్చు. కోటు తొడుక్కుని తలుపు దాకా వెళ్లాడు కూడా. అడుగు ముందుకు పడలేదు.

"డాక్టర్ గారూ, ఆగస్టులో కావాలని తప్పులు చేశాను."

హెఫ్టి నవ్వు ఆగిపోయింది. "ఎన్ని?"

"గుర్తు లేదు."

"మరి ఇవాళ?"

"ఇవాళ నిజంగానే చేశాను."

డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాడు. "అయితే ఆట మాట మర్చిపో. నిన్ను ఐస్ మీదికి పంపించి ఆ పాపం నేను మూటగట్టుకోను."

"ఆట పోతే పోయింది. నా తలలో ఎంత పోయిందో అది చెప్పండి."

"దేంతో పోల్చి చెప్పమంటావయ్యా? ఒక్క ఏడాదైనా నిజం రాశావా నువ్వు?" హెఫ్టికి కోపం, జాలి రెండూ కలిసి వచ్చాయి. "బాగున్నప్పుడు నువ్వెలా ఉండేవాడివో నాకెలా తెలుస్తుంది?"

బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు కాబట్టి టీచరమ్మ రెగూలా ఇంట్లోనే ఉంది. పొయ్యి మీద బార్లీ సూప్ ఉడుకుతోంది. కాస్పర్ జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి అతని మొహం వికసించింది. సొరుగులోంచి పేక తీశాడు.

"ఆ కంప్యూటర్‌కేం తెలుసే! మన యాస్ పేకాటంటేనే పడిన ముక్కలు గుర్తుంచుకోవడం. ఈ లోయలో నన్ను కొట్టినవాడు ఉన్నాడా? నిన్న కూడా నిన్ను చిత్తుగా ఓడించాను కదా! పంచు."

రెగూలా పేక ముట్టుకోలేదు. "వద్దు కాస్పర్."

"ఏం?"

"నేను కావాలనే ఓడిపోతున్నాను."

"దెబ్బ తగిలిన దగ్గర్నుంచా?"

"కాదు. ముందటేడు క్రిస్మస్ నుంచి." ఆమె కళ్లు దించుకుంది. "ఆసును కొట్టే తురుపు తొమ్మిది నా చేతిలోనే ఉండేది. అది ఎప్పుడో పడిపోయిందనుకుని నువ్వు ధీమాగా ఆసు దించేవాడివి. నీ మొహం చూస్తే దాన్ని కొట్టబుద్ధయ్యేది కాదు, చిన్న ముక్క వేసేదాన్ని. అలసటేమోలే అనుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు."

అంటే ఇది శనివారం దెబ్బ కాదు. కాస్పర్ ఆగస్టు పరీక్షను గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ రోజు తప్పులన్నీ తానే కావాలని చేస్తున్నానని లోలోపల నవ్వుకున్నాడు. వాటిలో తాను చేసినవెన్ని, వాటంతట అవే వచ్చినవెన్ని? చెప్పేవాళ్లు లేరు. ఆ లెక్కను కూడా తన చేత్తోనే చెరిపేసుకున్నాడు. చేతులు కాలాయని ఇవాళ తెలిసింది, ఎప్పుడు కాలాయో ఇక ఎప్పటికీ తెలియదు. అతనికి ఏడుపు కూడా రాలేదు.

"పంచు," అన్నాడు. "ఈసారి నిజంగా ఆడు. జాలి పడ్డావంటే నా మీద ఒట్టే."

రెగూలా పంచింది. వాళ్ల పేకలో ఆఠీను, ఇస్పేటుల చోట గులాబీలు, గంటలు ఉంటాయి. తురుపు గులాబీలని అతనే చెప్పాడు. ఆట నడిచింది. ఆమె కళ్లు తుడుచుకుంటూనే ముక్క తర్వాత ముక్క గెలుచుకుంది. సూప్ అడుగంటి వాసన వస్తున్నా ఇద్దరూ లేవలేదు. సగం ఆట అయ్యేసరికి కాస్పర్ చేతిలోని ముక్కల వంక చాలాసేపు చూశాడు.

"తురుపు ఏదన్నావు?"

"నువ్వే అన్నావు. గులాబీలు."

"భయమేస్తోందే," అన్నాడు.

ఓడిపోవడం తప్ప అతన్ని ఓదార్చే దారి రెగూలాకు ఇంకొకటి తెలియదు. దాన్ని కూడా అతను వద్దన్నాడు.