అన్నయ్య మెచ్చుకున్న పని

వెంకటకృష్ణారావు చేతిలో పడ్డ వస్తువు బాగుపడి బయటికి రావడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు. తోటలో ఆయిలింజను సరిగ్గా కొట్టుకోవడం లేదని విప్పితే, దాన్ని తిరిగి నడిపించడానికి బెజవాడ నుంచి మనిషి రావలసి వచ్చింది. వదినగారి కుట్టుమిషను విప్పితే అది మూటలో అటకెక్కింది. ఇంట్లోవాళ్ళు దీనికి "చిన్నోడి వైద్యం" అని పేరు పెట్టి నవ్వుకునేవారు. కృష్ణారావూ వాళ్ళతోపాటు నవ్వేవాడు. ఇంటరు తప్పి బెజవాడ నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చేసినవాడు నవ్వకపోతే ఇంకేం చేస్తాడు?

అన్నగారు బసవపున్నారావు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. తండ్రి పోయేనాటికి కృష్ణారావు ఇంకా పలక పట్టుకుని బడికి వెళ్ళేవాడు. అప్పటినుంచి తండ్రయినా, అన్నయినా ఆయనే. ఒక్కనాడూ చెయ్యి ఎత్తలేదు, మాట తూలలేదు. నూజివీడుకి ఆనుకుని ఉన్న ఊళ్ళో మామిడితోటలు, కాలవకింద వరి, అన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. తమ్ముడికి అన్న మాట వేదం.

అరవై రెండో సంవత్సరం కాపు విరగకాసింది. మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత జీపొకటి వాళ్ళకి ఉండేది. వెనక సీట్లు పీకేసి దాంట్లో కాయల గంపలు వేసుకుని బసవపున్నారావే స్వయంగా హనుమాన్ జంక్షన్‌కి తోలేవాడు. అక్కడ లారీలకెక్కించేవారు. బరువులు మోసీ మోసీ జీపు వెనకభాగం కుంగిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా టైరు పైరేకుకి రాసుకుని కాలిన వాసన వచ్చేది. కింద ఇనపబద్దలు ఒకదానిమీద ఒకటి పేర్చిన కమాను కట్టలుంటాయే, అవి సత్తువ ఉడిగి పడుకున్నాయన్నమాట.

బసవపున్నారావు బెజవాడ వెళ్ళి రెండు కొత్త కట్టలు, వాటి బోల్టులు, బుష్‌లు అన్నీ కలిపి ఒక సెట్టు తెచ్చాడు.

"రేపు జంక్షన్‌లో డేవిడ్ రాజు షెడ్డుకి తోలుకెళ్ళి వేయించుకొస్తా," అన్నాడు భోజనాల దగ్గర.

"దీనికి షెడ్డెందుకు అన్నయ్యా? పాతవి విప్పి కొత్తవి బిగించడమేగా. కాయలు ముదిరి కూర్చున్నాయి, వాడు జీపుని ఎన్నాళ్ళు కూర్చోబెడతాడో! నేను వేస్తాను," అన్నాడు కృష్ణారావు.

వదిన పున్నమ్మ మజ్జిగ పోస్తూ, "వైద్యం ఈసారి జీపుకొచ్చిందా?" అంది.

బసవపున్నారావు తమ్ముడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సరే, నువ్వే వెయ్యి," అన్నాడు.

తోటలో కాయలు పోసే పాకలో జీపు పెట్టుకున్నాడు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం వేసి, వెనక జాకీ ఎత్తి, కింద మొద్దులు దోపాడు. పాత బోల్టులు తుప్పుపట్టి కదలనన్నాయి. వాటికి కిరసనాయిలు పట్టించి, సుత్తితో తట్టి, పానా వేసి లాగితే పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. భార్య పుష్పవతి తడిగుడ్డ తెచ్చి చుట్టింది. పెళ్ళై ఏడాది తిరగలేదు వాళ్ళకి. ఆవిడ వంట ముగించుకుని వచ్చి పాకలో పీటమీద కూర్చుని, అడిగిన పానా అందిస్తూ ఉండేది. ఏ పానా ఏ బోల్టుదో రెండోనాటికి అడక్కుండానే అందించడం వచ్చేసింది.

కమాను కట్టలని ఇరుసుకి బిగించి ఉంచేవి యూ బోల్టులు. అవి ఊడితే అంతా ఊడినట్టేనని కృష్ణారావుకి తెలుసు. పానా చివర ఇనపగొట్టం తొడిగి, దాన్ని భార్యాభర్తలిద్దరూ పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగారు. నట్టు కిర్రుమని బిగుసుకుంది. పుష్పవతి వెనక్కి పడబోయి పకపకా నవ్వింది. ఇంతకంటే బిగించడం మనిషివల్ల కాదనుకున్నాడు కృష్ణారావు.

మర్నాడు బసవపున్నారావు నిండా గంపలు వేసుకుని జంక్షన్‌కి వెళ్ళాడు. కృష్ణారావుకి తోటలో కాలు నిలవలేదు. పొద్దు వాలేవేళకి జీపు చప్పుడు విని రోడ్డుమీదికి పరిగెత్తాడు.

అన్నగారు జీపు దిగి, టోపీ దులుపుకుని, "బ్రహ్మాండంగా ఉందిరా. పడవలో వెళ్ళినట్టు వెళ్ళింది," అన్నాడు. అని తమ్ముడి భుజంమీద చెయ్యి వేశాడు. కృష్ణారావు ఖాళీ గంపలన్నీ తనే దింపాడు. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు. తరువాత పున్నమ్మ కూడా వైద్యం మాట ఎత్తలేదు. ఇంటికి ఎవరొచ్చినా బసవపున్నారావు, "మావాడే వేశాడు," అని జీపు చూపించేవాడు. కృష్ణారావు నడకే మారిపోయింది. జంక్షన్‌లో తానే చిన్న షెడ్డు పెడితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాడు.

జీపు బాగుచేసిన సంగతి నూజివీడులో మురళీకృష్ణ చెవిన పడింది. అతను మామిడికాయల వ్యాపారి శ్రీరాములుగారి ఒక్కగానొక్క కొడుకు. కృష్ణారావుకి బళ్ళో ఒకే బల్ల స్నేహితుడు. వాళ్ళకీ అలాంటి జీపే ఉంది, దానికీ అదే జబ్బు. కొత్త సెట్టు కొని జీపులో పడేసుకుని నేరుగా వచ్చేశాడు.

"మాకూ నువ్వే వెయ్యరా. షెడ్డువాడు వేస్తే వాడి పని, నువ్వు వేస్తే మనపని," అన్నాడు.

బసవపున్నారావు అరుగుమీదే ఉన్నాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, ఉత్తరీయం భుజంమీద సర్దుకుని, తోటవైపు వెళ్ళిపోయాడు. పుష్పవతి పానాలు అందిస్తూ అంది, "ఏమండీ, అయ్యాక ఒక్కసారి షెడ్డులో చూపించుకోమని చెప్పకూడదూ?"

"నీక్కూడా నమ్మకం లేదా?" అన్నాడు కృష్ణారావు చురుగ్గా. ఆవిడ తరువాతి పానా అందించింది.

కొత్త కట్టలు వేయించుకు వెళ్ళిన వారంలోనే, మురళీకృష్ణ తోలుతున్న జీపు జంక్షన్ రోడ్డుమీద, రసాల గంపలతో వెళుతూ వెళుతూ, ఒక్కసారిగా ఒక పక్కకి లాగేసి కల్వర్టు గోడని గుద్దింది. గంపలు కాలవలో పడ్డాయి. మురళీకృష్ణ కుడికాలు జీపు కింద నలిగిపోయింది. దారినపోయే లారీవాళ్ళు అతన్ని బెజవాడ ఆసుపత్రికి చేర్చారు.

కబురు విని కృష్ణారావు బెజవాడ పరిగెత్తాడు. కాలు కోశారని ఎవరో, కొయ్యలేదని ఎవరో అన్నారు. కొయ్యలేదు. కానీ మోకాలు ఇక మడతపడదన్నాడు డాక్టరు. మురళీకృష్ణ మందుమత్తులో ఉన్నాడు. వరండాలో శ్రీరాములుగారు బెంచీమీద తలవంచుకుని కూర్చున్నారు. ఆయన్ని పలకరించే ధైర్యం లేక కృష్ణారావు వెనక్కి తిరిగి బస్సెక్కాడు.

దెబ్బతిన్న జీపుని దగ్గరలో ఉందని డేవిడ్ రాజు షెడ్డుకి ఈడ్చుకొచ్చి పెట్టారు. కృష్ణారావు జంక్షన్‌లో దిగి, తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, వేసుకున్న తెల్లచొక్కాతోనే జీపు కిందికి దూరాడు. తాను కాళ్ళు తన్నిపెట్టి బిగించిన నట్టు వేళ్ళతో తిప్పితే తిరిగింది. ఇరుసు ఒక పక్క జానెడు వెనక్కి జరిగి ఉంది.

బయటికి వచ్చి అన్నాడు, "ఎవరో కావాలని వదులు చేశారు డేవిడ్ రాజుగారూ. మా జీపుకి కూడా నేనే వేశాను. ఇన్ని లోడ్లు తోలాం, చెక్కుచెదరలేదు. దీనికెందుకొస్తుంది?"

డేవిడ్ రాజు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మీ జీపుకీ ఇదే వచ్చిందండీ," అన్నాడు.

కృష్ణారావుకి అర్థంకాలేదు.

"మొదటి లోడుకే వచ్చింది. బండి పక్కకి లాగుతోందని మీ అన్నగారు ఇక్కడే ఆపారు. అప్పటికే ఇరుసు కాస్త జరిగింది. నేనే సర్ది మళ్ళీ బిగించాను. కొత్త కట్టలు కదండీ, బరువు పడగానే బద్దలు ఒకదాన్నొకటి నొక్కుకుని కుదురుకుంటాయి. అప్పుడు మనం ఎంత బిగించినా వదులైపోతుంది. మొదటి లోడు దింపాక మరోసారి బిగించాలి. ఆ ఒక్కటే మీకు తెలీలేదు. మిగతా పనంతా బాగానే చేశారండీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ అన్నగారు చెప్పొద్దన్నారు. 'మావాడు పుట్టి బుద్ధెరిగాక ఒక పని చేశానని సంతోషపడుతున్నాడు, అది పోగొట్టకు' అన్నారు. పెద్దాయన అంత మాటంటే నేనేం చెప్పనండీ?"

జంక్షన్ నుంచి ఊరికి ఎలా వచ్చాడో కృష్ణారావుకి గుర్తులేదు. దారి పొడుగునా ఒకటే మాట చెవిలో గింగిరాలు తిరిగింది. పడవలో వెళ్ళినట్టు వెళ్ళింది. పడవలో వెళ్ళినట్టు. ఇంటికొచ్చిన చుట్టాలకి జీపు చూపిస్తూ, "మావాడే వేశాడు," అన్నప్పుడల్లా ఆ మనిషి లోపల ఏమనుకునేవాడు?

బసవపున్నారావు అరుగుమీద కూర్చుని, కూలీలకి పని పురమాయిస్తున్నాడు. తమ్ముడి మొహం, మట్టికొట్టుకున్న చొక్కా చూసి కూలీలని పంపేశాడు.

"డేవిడ్ రాజు చెప్పాడు," అన్నాడు కృష్ణారావు.

బసవపున్నారావు తల వంచుకున్నాడు. "నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక..."

"మళ్ళీ బిగించాలిరా అని ఒక్కమాట! ఒక్కమాట చెప్పి ఉంటే ఏం పోయేది? నేను సిగ్గుపడేవాణ్ణి. నువ్వు నవ్వేవాడివి. ఇంతేగా! మురళి వచ్చి అడిగినప్పుడైనా చెప్పలేకపోయావా? ఇక్కడే కూర్చున్నావు నువ్వు. లేచి తోటలోకి వెళ్ళిపోయావు."

"చెబుదామనే అనుకున్నానురా. నీ మొహం చూసి నోరు రాలేదు. ఈసారి నీకే తెలుస్తుందిలే అనుకున్నా."

"ఎలా తెలుస్తుంది? తప్పు చేశానని తెలిస్తేగా!"

గొంతులు విని పున్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. భర్తని అంతమాట అంటుంటే ఆవిడకి ఆగలేదు. "ఆయన్నొక్కణ్ణీ అంటావేంటి కృష్ణా? అందరం నీ మంచికేగా ఊరుకున్నాం. పుష్ప కూడా చెప్పొద్దనే అందిగా!"

ఆ మాట అన్నాక ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కృష్ణారావు అరుగు స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. అన్నమీద వచ్చిన కోపం కోపంలాగే ఉంది, అరవడానికి ఓపిక ఇచ్చింది. ఇది వేరు. స్తంభం వదిలి లోపలికి నడిచాడు.

పుష్పవతి పెరట్లో ఉంది. అతను అడక్కుండానే ఆవిడకి తెలిసిపోయింది.

"ఎప్పుడు తెలుసు నీకు?"

"ఆ మర్నాడే. అక్క చెప్పింది."

"నాతోపాటు ఆ నట్లు బిగించావు. రెండో జీపుకి కూడా నువ్వే పానాలందించావు."

"షెడ్డులో చూపించమన్నాను కదండీ," అంది ఆవిడ ఏడుపు దిగమింగుకుంటూ. "మీరు కసిరారు. ఇంక అంతకంటే గట్టిగా చెప్పలేకపోయాను. ఆవేళ మీరు నవ్వుతూ అన్నం తిన్నారు. మన పెళ్ళయ్యాక మీరలా తినడం నేనెప్పుడూ చూళ్ళేదు. అది నా నోటితో ఎలా పోగొట్టమంటారు?"

కృష్ణారావు ఆవిడవైపు చూశాడు. ఆవిడ అబద్ధం చెప్పడంలేదు. అదే అతనికి భరించశక్యం కాలేదు. తనని ఇంత ప్రేమించిన ముగ్గురిలో ఒక్కరు కూడా తనని నిజం వినగలిగిన మనిషి కింద లెక్కకట్టలేదు. పసివాడి చేతిలో చెక్కబొమ్మ పెట్టినట్టు మెచ్చుకోలు పెట్టి, చుట్టూ చేరి చూసి మురిసిపోయారు.

"నేను కడుపునిండా తినడానికి మురళి కాలు పోయింది పుష్పా," అన్నాడు. అని బయటికి వెళ్ళిపోయాడు.

కాయల సీజను అయిపోయేవేళకి మురళీకృష్ణని ఇంటికి తీసుకొచ్చారు. కృష్ణారావు వెళ్ళి జరిగిందంతా, అన్నగారి సంగతితో సహా, దాచకుండా చెప్పాడు. మురళీకృష్ణ గోడవైపు చూస్తూ విన్నాడు.

"నువ్వు కావాలని చేశావా ఏంటి? పోనీలేరా," అన్నాడు. మంచి మాటే. కానీ దాన్ని నమ్మాలో వద్దో కృష్ణారావుకి తెలీలేదు. మంచిమాట ఎవరన్నా ఇప్పుడతనికి అంతే.

"జీపు ఇంకా షెడ్డులోనే ఉందిగా. నేను డేవిడ్ రాజు దగ్గర నిలబడి, ఆయన చెప్పినట్టే దగ్గరుండి వేస్తాను. ఈసారి..."

శ్రీరాములుగారు లోపలినుంచి వచ్చారు. వియ్యంకుడితో మాట్లాడినంత మర్యాదగానే మాట్లాడారు. "వద్దు బాబూ. డబ్బిచ్చి షెడ్డువాడిచేతే చేయించుకుంటాం. నువ్వు మా జీపు ముట్టుకోవద్దు. నాకు నీమీద నమ్మకం లేదు."

కృష్ణారావు మొహం ఎర్రబడింది. దణ్ణం పెట్టి లేచాడు. వీధిలోకి వచ్చాక ఆశ్చర్యంగా, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. చాలారోజుల తరువాత ఒక మనిషి లోపల ఉన్నదే పైకి అన్నాడు.

ఆ తరువాత అతను వారానికోసారి డేవిడ్ రాజు షెడ్డుకి వెళ్ళి పని నేర్చుకున్నాడు. బిగించిన ప్రతి నట్టునీ ఆయనచేత పరీక్ష చేయించేవాడు. బాగుందని ఆయనంటే, "నిజంగానేనా?" అని రెట్టించేవాడు. డేవిడ్ రాజుకి మొదట్లో విసుగొచ్చింది. తరువాత అలవాటైపోయింది.

ఇంట్లో పోట్లాటలేమీ జరగలేదు. పుష్పవతి కూర ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. తన పని ఎలా ఉందని మాత్రం ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు. ఆవిడ పాకవైపు రావడం మానేసింది.

ఒకనాడు పొద్దున్నే బసవపున్నారావు జీపు స్టార్టు చేసి, పక్కసీటుమీది దుమ్ము ఉత్తరీయంతో తుడిచి, గుమ్మంవైపు చూసి కేకేశాడు. "కృష్ణా, నూజివీడు వెళుతున్నాను. రారా, ఇద్దరం కలిసి వెళ్ళొద్దాం."

కృష్ణారావు చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. "మీరు వెళ్ళండి. నేను బస్సులో వస్తాను," అన్నాడు.

పుట్టినప్పటినుంచీ అన్నగారిని అతను 'మీరు' అని అనలేదు. బసవపున్నారావు స్టీరింగుమీద చేతులుంచి, తమ్ముడు రోడ్డు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది.