ఇత్తడి పార చప్పుడు

నేను ఒక గీకుడుపారను. మూరెడు తుమ్మకర్ర పిడి, దాని కొసన జానెడు ఇత్తడి రేకు. మట్టి తవ్వడానికి పనికిరాను. నన్ను చేసింది వైన్ ట్యాంకులు గీకడానికి.

హైదరాబాదుకు ఉత్తరాన, ద్రాక్షతోటల నడుమ ఒక వైన్ ఫ్యాక్టరీ ఉండేది. ద్రాక్షరసం పులిసి, తేరి, సీసాల్లోకి పోయాక సిమెంటు ట్యాంకు అడుగున మడ్డి మిగులుతుంది. గోడలకు ఎర్రటి పులుపురాయి పేరుకుంటుంది. పటికబెల్లంలా మెరుస్తుంది, గోరు దిగదు. తాగేవాళ్ళకు అది కనబడదు. గీకకపోతే మాత్రం మరుసటి ఏటి వైన్ చెడుతుంది. ఆ గీకే పని జంగయ్యది.

ఇనుము తగిలితే వైన్ నల్లబడుతుందని ఆఫీసువాళ్ళు ఇనప పారలు వద్దన్నారు. మరి దేంతో గీకాలో చెప్పలేదు. జంగయ్య ఇంటికి పోయి అటక మీది చిల్లుబిందె దించాడు. అది అతని భార్య బుచ్చమ్మ పెళ్ళినాటి బిందె.

"మా అవ్వగారోళ్లు వెట్టిన బిందె. కోస్తే ఊకోను జూడు," అంది బుచ్చమ్మ.

జంగయ్య బిందెను చంకన పెట్టుకున్నాడు. కంచరి దగ్గరికి తీసుకుపోయి కోయించాడు, మడత పెట్టి కొట్టించాడు. అలా పుట్టాను.

జంగయ్యకు మాటలు తక్కువ. ఊ, ఉహూ. ఈ రెండింటితోనే సంసారం నెట్టుకొచ్చాడు. అతని వంతు మాటలు కూడా బుచ్చమ్మే మాట్లాడేది. ఇద్దరిదీ ఒకటే పని. అతను నడుముకు తాడు కట్టుకుని ట్యాంకులోకి దిగేవాడు. ఆమె బయట తాడు కొస పట్టుకుని, గోడకు చెవి ఆనించి కూర్చునేది. రసం పులిసేటప్పుడు పుట్టే గాలి బరువైనది. ట్యాంకు అడుగున నీళ్ళలా నిలుస్తుంది, కంటికి కనబడదు. అందులో చిక్కిన మనిషికి అరిచే వ్యవధి కూడా ఉండదు. అందుకే బుచ్చమ్మ నా చప్పుడు వినేది. నేను గోడ మీద ఖర్రు ఖర్రుమంటున్నంతసేపూ ఆమె మొగుడు బతికున్నట్టు. నేను ఆగితే గోడ మీద చరిచేది.

"ఏందయ్యా, ఉన్నవా?"

జంగయ్య నాతో గోడను రెండుసార్లు కొట్టేవాడు. టంగ్, టంగ్.

"నోరిప్పితే ముత్యాలు రాలుతయా నీకు?" అని మళ్ళీ చెవి ఆనించేది.

పదకొండేళ్ళు అలా గడిచాయి. సాయంత్రం ఆమె కొంగున ఇంత పులుపురాయి కట్టుకుపోయేది. చింతపండు లేకుండా చెంబులు తళతళలాడేవి. నన్నూ దాంతోనే తోమేది. బిందె పోయిందని తిడుతూనే తోమేది.

తర్వాత స్టీలు ట్యాంకులొచ్చాయి. వాటితో పాటు విద్యాసాగర్ అనే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. మంచివాడు. కూలీలను కూడా గారు అని పిలిచేవాడు. నా అంచును వేలితో తడిమి ముఖం చిట్లించాడు.

"ఇది స్టీలు మీద గీతలు పెడుతుంది జంగయ్య గారూ. ఇదిగో, రబ్బరు పార. గీత పడదు, చప్పుడూ ఉండదు."

"సప్పుడు లేకుంటే ఎట్ల సారూ?" అంది బుచ్చమ్మ.

"చప్పుడెందుకమ్మా?"

బుచ్చమ్మ సిగ్గుపడింది. వాడంతా వినేలా మొగుణ్ణి తిట్టగలదు. అతని ప్రాణం కోసం గోడకు చెవి పెట్టి కూర్చుంటానని పరాయి మనిషితో చెప్పలేకపోయింది. జంగయ్య వైపు చూసింది. చెప్పవలసినవాడు అతనే. జంగయ్య రబ్బరు పార అందుకుని "ఊ" అన్నాడు.

నన్ను షెడ్డులో మేకుకు తగిలించారు. ఎదురుగా కొత్త ట్యాంకు. కింద మనిషి పాకేంత తలుపు ఉంది కదా, ఇక తాడెందుకన్నారు. తాడూ పోయింది. గోడ రెండు పొరలది. లోపల పిడికిలితో గుద్దినా బయటికి వినబడదు.

అందుకని జంగయ్య నోరిప్పక తప్పలేదు. మొదటిరోజు ఆమె "ఉన్నవా?" అంటే లోపలినుంచి "ఉన్న" అని వచ్చింది. బుచ్చమ్మ ముఖం చూడాలి. ఆ పూట ఊరికే ఎన్నిసార్లు పిలిచిందో. ఆకలవుతోందా అని, దోసకాయ పప్పు తెచ్చానని. నాలుగో రోజుకు అతనికి విసుగొచ్చింది. పలకడం మానేశాడు. బువ్వకు బయటికొచ్చినప్పుడు ఆమె తిట్టేది, అతను నవ్వేవాడు. పలకకపోయినా మధ్యాహ్నానికి వస్తాడులే అని ఆమెకూ అలవాటైంది.

ఆరోజు పక్క ట్యాంకులో రసం పులిసి పొంగుతోంది. రెండింటి నడుమ పైపు ఒకటుంది. దాన్ని మూయడం ఎవరి పనో ఎవరూ అడగలేదు. జంగయ్య పొద్దున్నే లోపలికి పాకాడు.

"ఏందయ్యా, ఉన్నవా?"

జవాబు లేదు.

"పలుకకు. నాకేంది? నోరు దెరిచి అడిగేదాంక బువ్వ వెట్టను."

తెరిచిన తలుపు పక్కన ట్యాంకుకు వీపు ఆనించి బకెట్లు కడుగుతూ మాట్లాడుతూనే ఉంది. తన చెల్లెలి ఇంటికి పోదామంటే ఏడాదినుంచి ఉలకవు పలకవు అంది. పెళ్ళిచూపుల్లో కూడా నువ్వు మాట్లాడకపోతే మూగోడని మా నాయన సంబంధం వద్దనబోయాడంది.

"నవ్వుతున్నవా లోపట?" అని తానూ నవ్వింది.

నేను మేకుకు వేలాడుతున్నాను. నాకు గొంతు లేదు. చెయ్యి పట్టి కొడితేనే నేను మోగుతాను.

మధ్యాహ్నం గిన్నె మూత తీసి పెట్టింది. అతను రాలేదు. అప్పుడు వంగి తలుపులోకి చూసింది.

నలుగురు కాళ్ళు పట్టి లాగారు. జంగయ్య ఒంటి మీద గాయం లేదు. ట్యాంకు మీద గీత లేదు.

విద్యాసాగర్ ఏడ్చాడు. నెల తిరగకుండా గాలిని పసిగట్టే మిషను తెప్పించాడు. గాలి చెడితే అది కూస్తుందట. మొత్తానికి చప్పుడు కావాలని ఒప్పుకున్నారు.

ఏం కావాలో అడుగమ్మా అని బుచ్చమ్మను ఆఫీసుకు పిలిచారు. ఆమె షెడ్డులోకి వచ్చి నన్ను చూపించింది.

"నా బిందె," అంది.

ఇప్పుడు ఆమె చాప పక్కన ఉంటున్నాను. తోమేవాళ్ళు లేక నల్లబడ్డాను. బుచ్చమ్మ ఎవరితోనూ మాట్లాడదు. పొద్దుగూకే వేళ పక్కింటి లచ్చవ్వ గడప అవతలినుంచి పిలుస్తుంది.

"ఓ బుచ్చమ్మా, ఉన్నవా?"

బుచ్చమ్మ నన్ను అందుకుని గచ్చు మీద రెండుసార్లు కొడుతుంది. టంగ్, టంగ్.

లచ్చవ్వ తన పనికి తాను పోతుంది.