ఉప్పునీళ్ల సీసా

రసాయనాల డ్రమ్ములు కడిగే షెడ్డులో పనిచేసే ఒకామె శవమై మార్చురీ బల్ల మీద ఉంది. ఒళ్లంతా పచ్చబడింది. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆమె కాలేయం చేతిలోకి తీసుకోగానే అటెండరుకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ల కింద, అదే షెడ్డులో పనిచేసిన ఆమె భర్తదీ ఇలాగే గట్టిపడి గడ్డలు కట్టింది. ఆ రోజు ఆమె గుమ్మం పట్టుకుని అడిగితే, "తాగుడమ్మా, ఏం చేస్తాం" అని పంపేశాడు.

"ముక్క సీసాలో వేసి ఫార్మలిన్ పొయ్, సీలు వేద్దాం," అన్నాడు డాక్టరు.

ఫార్మలిన్‌లో నానిన ముక్కలో విషం దొరకడం కష్టం. చిక్కటి ఉప్పునీళ్లు పోయాలి. ఆ సంగతి ఈ గదిలో ఇద్దరికీ తెలుసు. అయినా ఇంతకుముందు షెడ్డు నుంచి వచ్చిన పదకొండు శవాలకూ, డాక్టరు చెప్పినట్టే, అటెండరు ఫార్మలినే పోశాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే మనిషి చేత ఏదైనా పోయించవచ్చు.

"ఉప్పునీళ్లు పోద్దామండీ."

"ఉప్పు స్టాకు లేదు. తెలీదా నీకు?"

అటెండరు ఖాళీ సీసాతో బయటికి నడిచాడు. మెట్ల మీద షెడ్డు వాళ్లు నలభైమంది ఉన్నారు. చచ్చిపోయినామె చెల్లెలు ఎదురొచ్చింది.

"అన్నా, మా అక్కది కూడా తాగుడేనా?"

అతను తల దించుకుని అంతా చెప్పేశాడు. పదకొండు సీసాల సంగతీ చెప్పాడు. ఆమె అతని మొహాన ఉమ్మింది. అతను తుడుచుకోలేదు.

"వీణ్ణి తన్నండ్రా!" అన్నారెవరో.

"తర్వాత తన్నుదాం, ఎక్కడికి పోతాడు? ముందు ఉప్పు తెండి," అంది షెడ్డులో అందరికన్నా పెద్దామె.

ఆడవాళ్లు ఇళ్లకు పరిగెత్తారు. డబ్బాలతో, గిన్నెలతో, పొట్లాలతో వచ్చి గదిలోకి చొరబడ్డారు.

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి డాక్టరుగారూ. సీలు వాళ్ల ముందే వేయిద్దాం," అంది పెద్దామె.

ఇక కరగనని ఉప్పు అడుగున నిలిచేదాకా అటెండరు కలిపాడు. ముక్క వేసి మూత బిగించాడు. పిలిస్తే వచ్చిన కానిస్టేబులు ముందు సీలు పడింది. సీసా వెంట పరీక్షాశాల దాకా ఇరవైమంది వెళతామన్నారు. మిగతావాళ్లలో చాలామంది షెడ్డు మూయించడానికి లేచారు.

"పాత సీసాల సంగతి తేలాలి, నువ్వు స్టేషనుకు నడువు," అన్నాడు కానిస్టేబులు అటెండరుతో.

అతను చెల్లెలి ముందు ఆగాడు.

"మీ బావది తాగుడు కాదమ్మా."

"ఇక్కడ నాకు చెబితే చాలదు," అందామె. "స్టేషన్లో రాయించు. పదకొండుమందివీ. మేమూ వస్తున్నాం, పద."