పెదవుల మీద ఏడు గంటలు

మిల్లు ఊడ్చే ఏనాక్ తాత చేతిలోని చీపురు మేస్త్రీ లాక్కుని, మెడపట్టి మిల్లు గేటు బయటికి నెట్టడం తాబిత తన మగ్గం దగ్గర నిలబడి చూసింది. ముసలాయన చేసిన నేరం ఒక్కటే. ఎవరో అడిగితే గంటెంతయిందో చెప్పాడు.

మిల్లు రాకముందు మా లోయలో పొద్దుకి యజమాని సూర్యుడే. ఇంట్లో చేతిమగ్గం నేసుకునే రోజుల్లో ఆకలైతే ఆపేవాళ్ళం, సోమవారం నాడు అసలు మొదలే పెట్టేవాళ్ళం కాదు. ఆవిరి మిల్లు వచ్చింది, దాని గోడమీదికి గడియారం వచ్చింది. ఇవాళ లోకమంతా గడియారం చూసి ముద్ద మింగుతోందే, ఆ విద్య ముందు నేర్చింది మేమే, దెబ్బలు తిని. పైగా మా మిల్లు గడియారం మహా తెలివైనది. పొద్దున పరుగెత్తేది, సాయంత్రం కుంటేది. పని వదలాల్సింది ఏడింటికి, ఊళ్ళో చర్చి గడియారం ఏడు దాటినా అది ఆరు దగ్గరే కూచుని ఆవలించేది. సొంత గడియారం లోపలికి తెస్తే పని ఊడినట్టే. ఏనాక్ తాత రుమాల్లో చుట్టి తెచ్చాడు. అదీ లాగేసుకున్నారు.

ఆ ఆదివారం ప్రార్థనయ్యాక, కొండమీద తాత గుడిసె ముందు నలభై మంది చేరారు.

"గడియారాన్ని బద్దలుకొడదాం," అంది ఎస్తర్. తాబితకి పక్క మగ్గం మనిషి. నోరు తెరిస్తే సుత్తిదెబ్బే.

"కొడితే వాడు కొత్తది తెస్తాడు, నిన్ను సముద్రాల అవతలికి ఖైదీల ఓడెక్కిస్తాడు," అన్నాడు తాత. "నా మాట వినండే. ఈ గుమ్మంలో నిలబడితే నాకు చర్చి గడియారం కనబడుద్ది. మిల్లులోంచి మీకు నా గుమ్మం కనబడదూ?"

"నా మగ్గం దగ్గర కిటికీలోంచి కనబడుద్ది తాతా," అంది తాబిత.

"అయితే ఏడింటికి నా తెల్లచొక్కా కంచెమీద ఆరేస్తా."

"అది తెలుపని నువ్వు చెప్తేగాని తెలీదు," అంది ఎస్తర్.

"అందుకే నీచేత ఉతికిద్దామని."

నవ్వారు. అప్పుడు తాబిత మెల్లిగా అంది: "నేను ఇంటికెళ్ళేసరికి నా చిన్నది జావ తాగి నిద్దరోతంది తాతా. ఎలుతురులో దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో." ఇంకెవరూ నవ్వలేదు.

మగ్గాల షెడ్డులో మాట వినబడదు. ఆ రొద ఎంతంటే, ఓసారి కప్పుమీద పిడుగు పడి, తన చప్పుడు తనకే వినబడక, పడ్డానో లేదో అని మళ్ళీ వచ్చి పడిందట. అందుకే మా ఆడవాళ్ళు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఈ చివర తిడితే ఆ చివర మనిషి మొహం కందేది.

సోమవారం సాయంత్రం కంచెమీద చొక్కా ఎగిరింది. మేస్త్రీ జాబెజ్ వీపు తిప్పగానే తాబిత ఎస్తర్ కేసి పెదవులు కదిపింది: ఏడు. ఎస్తర్ పక్కామెకి అందించింది. రెండువందల మగ్గాలు వరసవరసన ఆగిపోయాయి.

"ఎవరే ఆపమన్నది?" అరిచాడు జాబెజ్.

"ఎవరూ నోరెత్తలేదయ్యా," అంది ఎస్తర్. "నువ్విక్కడే ఉంటివిగా. ఏవన్నా వినబడిందా?"

పదకొండు సాయంత్రాలు తల్లులు పిల్లల్ని వెలుతురులో చూసుకున్నారు. రోజూ ఏడింటికే ఎగిరే చొక్కా జాబెజ్ కంటపడింది, పన్నెండోనాడు తాతని పట్టుకుపోయారు. మిల్లు పని ఆపించడానికి కుట్ర పన్నాడని నేరం.

న్యాయాధికారి మిల్లు దొరకి బావమరిది. అయినా రుజువంటూ కావాలి కదా. తాత బోనులో నిలబడి, "చొక్కా ఉతుక్కోవడం కూడా నేరమేనా బాబూ? మావాళ్ళు పోరగా పోరగా ఈ మధ్యనే మొదలుపెట్టాను," అన్నాడు. జనం గొల్లుమన్నారు. అధికారి విసుక్కుంటూ కాగితాలు మడిచాడు. వదిలేసేలాగే ఉన్నాడు.

మాటలో హాస్యమే గాని తాత బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళు జనంలో తాబితని వెతికి పట్టుకున్నాయి. ఆమెకి ధైర్యం చెప్పాలనిపించింది. అలవాటు కొద్దీ, గొంతు లేకుండా, పెదవులు కదిపింది.

"దిగులుపడకు తాతా. రోజూ నీ చొక్కా చూసేగా ఆపాం. మా పిల్లలు నీ పేరే తలుస్తున్నారు."

జాబెజ్ తల్లీ మగ్గం మనిషే. వాడు ఆ పెదవుల మాటల మధ్యే పెరిగాడు. లేచి నిలబడి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పైకి చదివాడు.

"ఆ మాటన్నది ఎవరు?" అన్నాడు అధికారి.

జాబెజ్ వేలు చూపించాడు. తాత అటు తిరగనైనా లేదు. "ఆ పిల్లెవరో నాకు తెలీదు బాబూ. వాళ్ళకేం తెలీదు, ఇదంతా చేసింది నేనే. రాసుకోండి."

ఏడాది శిక్ష వేశారు. నాలుగో నెలలో జైలు జ్వరం తాతని తినేసింది. శవాన్ని ఊరికి ఇవ్వలేదు.

ఆ కబురు మధ్యాహ్నం దూది బండివాడు తెచ్చాడు. ఎస్తర్ విని, మగ్గాల మీదుగా తాబితకి పెదవులతో చెప్పింది. తాబిత పిడి మీద చెయ్యేసింది. మగ్గం ఆపింది. చుట్టూ ఒక్కొక్కటే ఆగాయి. చివరి మగ్గం ఆగాక ఆమె పీట ఎక్కింది. ఆ షెడ్డులో ఆమె గొంతు అంతవరకూ ఎవరూ వినలేదు. బొంగురుగా, పెద్దగా ఉంది.

"ఏనాక్ తాతని చంపేశారు. పట్టిచ్చింది నా నోరే. జాబెజూ, ఈసారి నీకు చదివే శ్రమ లేదు, చెవులతో ఇను. ఆపమంటన్నది నేను. మా సాయంత్రాలు మాకిచ్చేదాకా ఈ మగ్గం ముట్టం."

"గంటెంతయిందో చూశావా?" అన్నాడు జాబెజ్.

"చూడలేదు," అంది తాబిత, పీట దిగుతూ.

రెండువందల జతల చెక్కచెప్పులు రాతిబాట మీద లోయ కిందికి, పక్క మిల్లు వైపు నడిచాయి.

మర్నాడు గుర్రపు సిపాయిలు వచ్చి తాబితని బండెక్కించారు. పక్క మిల్లు రొద రెండు మైళ్ళకి వినబడేది. దాని గోడ వెంబడే బండి పోతుంటే ఆమె చెవి రిక్కించింది. చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.